గిబ్సన్ ఈఎస్-175: ప్లైవుడ్‌లోంచి వచ్చిన జాజ్ గొంతు

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కాలమజూ అనే ఊళ్లో గిబ్సన్ కంపెనీ 1949లో ఒక గిటార్‌ను మార్కెట్లోకి దించింది. ధర 175 డాలర్లు, పేరు ఈఎస్-175. ఈఎస్ అంటే ఎలక్ట్రిక్ స్పానిష్. ఒళ్లో పడుకోబెట్టి వాయించే హవాయన్ గిటార్ కాదు, మామూలుగా పట్టుకుని వాయించేదే అని చెప్పడానికి అప్పట్లో వాడిన మాట అది. లోపల డొల్లగా ఉండే ఒళ్లు, వయొలిన్‌కు ఉన్నట్టు రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలు, పై ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) అందడానికి ఒకవైపు కొమ్ములా మొనదేలిన కోత. ఒంటి వెడల్పు పదహారు అంగుళాల పైచిలుకు. చూడ్డానికి ఖరీదైన ఆర్చ్‌టాప్ (పైపలక వంపుగా ఉండే) గిటార్‌లాగే ఉంటుంది. పైపలక మాత్రం ప్లైవుడ్.

ఈ మాట వినగానే చాలామంది మొహం చిట్లిస్తారు. ప్లైవుడ్ అంటే చవక ఫర్నిచర్, వానకు ఉబ్బే తలుపులు గుర్తొస్తాయి. అయితే జాజ్ గిటార్ సౌండ్ అని లోకం ఇవాళ గుర్తుపట్టే ఆ గుండ్రటి, కాస్త మసకబారిన, గట్టిగా తగిలి వెంటనే తగ్గిపోయే స్వరంలో పెద్ద వాటా ఈ ప్లైవుడ్‌దే. పాత 175ని కొనాలన్నా, అంచనా కట్టాలన్నా అర్థం చేసుకోవాల్సిన మొదటి సంగతి ఇది. దీని ధ్వని కలప వయసులోంచి వచ్చేది తక్కువ. తీగల బలం ఏ దారిన పోయి ఎక్కడ ఖర్చవుతుందనే దానిలోంచే ఎక్కువగా వస్తుంది. కాబట్టి సౌండ్ ఎలా ఉంది, కండిషన్ ఎలా ఉంది అనేవి ఈ గిటార్ విషయంలో దాదాపు ఒకే ప్రశ్న.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1922లో గిబ్సన్ వాద్యాల రూపకర్త లాయిడ్ లోర్ ఆధ్వర్యంలో ఆ కంపెనీ తెచ్చిన ఎల్-5 గిటార్‌కు పైపలక స్ప్రూస్ కలప. మందపాటి చెక్కను వయొలిన్ పద్ధతిలో ఉలితో తొలిచి వంపు తీసేవారు. మైకులు, యాంప్లిఫయర్లు సరిగా లేని కాలంలో బ్యాండ్‌లో బాకాల మధ్య గిటార్ వినపడాలంటే ఒళ్లే గట్టిగా పలకాలి. తేలికైన, సులువుగా కంపించే పైపలక అందుకు కావాలి. 1936లో ఈఎస్-150తో గిబ్సన్ ఎలక్ట్రిక్ దారి పట్టింది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ అదే గిటార్‌తో శాక్సఫోన్ వాళ్లకు దీటుగా సోలోలు వాయించాడు. గిటార్ వెనక వరసలోంచి ముందుకొచ్చింది.

యాంప్ వచ్చాక కొత్త తలనొప్పి మొదలైంది. గట్టిగా పలకడానికి తయారైన పైపలక, స్పీకర్‌లోంచి వచ్చే శబ్దానికీ కంపిస్తుంది. ఆ కంపనం తీగలకు చేరుతుంది, తీగల నుంచి పికప్‌కు (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం), పికప్ నుంచి మళ్లీ స్పీకర్‌కు. ఈ చక్రం తిరగడం మొదలైతే హాలంతా ఒకటే ఊళ. డొల్ల గిటార్లలో ఇది ముఖ్యంగా కింది స్వరాల దగ్గర తగులుకుంటుంది, ఎందుకంటే ఒంట్లోని గాలి సహజంగా పలికే స్థాయి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పైపలక ఎంత సున్నితమైతే గోల అంత ఎక్కువ. అంటే అకౌస్టిక్‌గా మంచి గిటార్, యాంప్ ముందు చెడ్డ గిటార్.

ప్లైవుడ్ ఇక్కడ అక్కరకొచ్చింది. మేపుల్ పొరల మధ్య వేరే చెక్క పొర పెట్టి, పోగుల దిశ ఒకదానికొకటి అడ్డంగా ఉండేలా అంటించి, అచ్చులో నొక్కి వంపు తెప్పిస్తే పలక గట్టిగా, కాస్త బిగుసుకుని ఉంటుంది. స్పీకర్ శబ్దానికి అంత తొందరగా లొంగదు. పోగు వెంట నిలువునా చీలదు. తొలిచే పని లేదు కాబట్టి ఖర్చూ తగ్గుతుంది. ఇందులో సంగీత దూరదృష్టి ఎంత, లెక్కల పుస్తకం ఎంత అంటే రెండోదే ఎక్కువని అనుకోవచ్చు. అంతకుముందే గిబ్సన్ తన చవక ఎలక్ట్రిక్ గిటార్లకు ఇదే పద్ధతి వాడింది. 175లో కొత్తదనం ఆ చవక ఒంటికి అందమైన రూపం, మొనదేలిన కోత, మంచి నెక్ (మెడ) ఇవ్వడం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసేవాళ్లకు దీన్ని చూపిస్తే, ఇదీ ఒక వాద్యమేనా అని నవ్వుతారేమో. కానీ వీణ కుండ ఎదురుగా ఉన్న శ్రోతకు నేరుగా పలకాలి, 175 ఒళ్లు పలకాల్సింది పికప్‌కు మాత్రమే.

ఇక ధ్వని. తీగను మీటగానే దానిలోని శక్తి తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జ్ మీదుగా పైపలకలోకి దిగుతుంది. గిబ్సన్ లెస్ పాల్ లాంటి సాలిడ్ (లోపల డొల్ల లేని) గిటార్‌లో బ్రిడ్జ్ బరువైన చెక్కలో దిగి ఉంటుంది, శక్తి పోవడానికి దారి లేక తీగ చాలాసేపు మోగుతుంది. 175లో బ్రిడ్జ్ పలుచటి పలక మీద ఊరికే నిలబడి ఉంటుంది. మేకు లేదు, జిగురు లేదు, తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. పలక కొంత శక్తిని వెంటనే మింగేస్తుంది. అందుకే స్వరం మొదట దబ్బుమని తగిలి, చప్పున సన్నబడుతుంది. రాక్ వాయించేవాడికి ఇది లోపం. జాజ్‌లో వేగంగా మారే కార్డులు (నాలుగైదు స్వరాలు ఒకేసారి పలికే గుంపులు) ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడకుండా ఉండాలంటే ఇదే కావాలి. ఒక కార్డు తగ్గితేనే కదా రెండోది స్పష్టంగా వినపడేది.

తీగలు కూడా ఇందులో భాగమే. జాజ్ వాళ్లు ఎక్కువగా వాడేది ఫ్లాట్‌వౌండ్ తీగలు. మామూలు తీగకు గుండ్రటి వైరు చుడితే, దీనికి చదునైన రిబ్బన్ చుడతారు. వేలు జారినా కీచుమనదు, పై హార్మోనిక్స్ తక్కువ. మందం అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 12 నుంచి 52 దాకా, మూడో తీగ కూడా చుట్టిన తీగే. పాత రోజ్‌వుడ్ బ్రిడ్జ్ మీద చెక్కిన మెట్లు ఈ చుట్టిన మూడో తీగను లెక్కలో పెట్టుకుని చేసినవి. మూడో తీగ చుట్టకుండా వచ్చే రాక్ తీగల సెట్టు ఎక్కిస్తే మూడో తీగ ఎక్కడో ఒకచోట అపస్వరం పలుకుతుంది. గిటార్ పాడైందని చెప్పి తక్కువ ధరకు అమ్ముకునేవాళ్లలో కొందరికి అసలు సమస్య ఇంతే.

1949లో వచ్చిన 175కి నెక్ దగ్గర ఒకే ఒక్క పికప్ ఉండేది, పీ-90. కొన్నేళ్లకు రెండు పికప్‌ల 175డీ కూడా వచ్చింది. పీ-90 ఒకే వైరు చుట్ట ఉన్న పికప్. స్వరానికి కాస్త గరుకు, మధ్య స్థాయిలో కొంచెం కోపం ఉంటాయి. ఇబ్బంది ఏమిటంటే గదిలోని కరెంటు వైర్ల జుమ్ శబ్దాన్నీ పట్టేస్తుంది. అమెరికాలో అది 60 హెర్ట్జ్, మన దగ్గర 50 హెర్ట్జ్, దానికి తోడు వాటి రెట్టింపులు. ఈ జబ్బుకు మందు కనిపెట్టినవాడు గిబ్సన్ ఇంజనీర్ సెత్ లవర్. రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదాని చుట్టు దిశను, అయస్కాంత ధ్రువాన్ని తిరగేస్తే, బయటి నుంచి వచ్చే జుమ్ రెండింట్లో ఎదురెదురుగా తగిలి కొట్టుకుపోతుంది, తీగ సంకేతం మాత్రం కలుస్తుంది. హంబకర్ అంటే ఇదే. 1957 నుంచి 175కి ఇదే వచ్చింది.

కాబట్టి పాత 175 సౌండ్ అనేది ఒక్కటి కాదు. జాజ్ గిటారిస్ట్ జిమ్ హాల్ చాలా ఏళ్లు వాయించినది ఒక్క పీ-90 ఉన్న 175. మరో గిటారిస్ట్ హోవర్డ్ రాబర్ట్స్ దగ్గర 1950లలో కొన్న సెకండ్‌హ్యాండ్ గిటార్. గిబ్సన్ జీఏ-50 యాంప్‌ను తక్కువలో పెట్టి, గది మొత్తం చెవులు రిక్కించేలా వాయించేవాడు. 1962లో పియానిస్ట్ బిల్ ఎవాన్స్‌తో డ్రమ్స్, బేస్ లేకుండా ఇద్దరే చేసిన రికార్డింగ్ వింటే, తీగ శబ్దం వెనక చెక్క చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇంకో జాజ్ గిటారిస్ట్ జో పాస్‌ది వేరే కథ. మత్తుకు బానిసై, పునరావాస కేంద్రంలో కోలుకుంటూ, సాలిడ్ గిటార్‌తో నెట్టుకొస్తున్న అతనికి ఒక అభిమాని 1962 నాటి 175ని కానుకగా ఇచ్చాడు. రెండు హంబకర్ల గిటార్ అది. అతని స్వరం ఇంకా నునుపు, ఇంకా మెత్తన. ఇక యెస్ అనే రాక్ బ్యాండ్ గిటారిస్ట్ స్టీవ్ హౌ 1964లో కొన్న 175తో ప్రోగ్రెసివ్ రాక్ వాయించాడు. తీగలు, పికప్, యాంప్, చెయ్యి మారితే ఒకే ఒళ్లు ఇన్ని రకాలుగా పలుకుతుంది.

పాత గిటార్ల మార్కెట్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: ఏళ్లు గడిచేకొద్దీ కలప ఆరి, గొంతు విచ్చుకుంటుందట. తొలిచిన స్ప్రూస్ పలక ఉన్న గిటార్ల విషయంలో దీని మీద వాదించుకోవచ్చు. జిగురుతో అంటించి నొక్కిన మేపుల్ పొరలకు ఇదే మాట అన్వయించడం మాత్రం అమ్మేవాళ్ల కవిత్వం. పాత 175 బాగా పలుకుతోందంటే, దానికి కారణం వెతకాల్సిన చోట్లు నెక్ కోణం, బ్రిడ్జ్, ఫ్రెట్లు, పికప్. అవి సరిగా లేకపోతే 1953 నాటి గిటార్ కూడా అట్టపెట్టెలా పలుకుతుంది.

అందుకే పరీక్ష తీగల బలం నడిచే దారిలోనే చెయ్యాలి. 12 నంబరు సెట్టు శ్రుతి చేస్తే నెక్ మీద పడే లాగుడు మొత్తం 60 కిలోలు దాటుతుంది. అరవై, డెబ్భై ఏళ్లు ఆ లాగుడు భరించిన గిటార్ ఎక్కడో ఒకచోట లొంగి ఉంటుంది. ముందు హెడ్‌స్టాక్, అంటే గిటార్ తల. గిబ్సన్ నెక్ మహాగని, తల వెనక్కి 17 డిగ్రీలు వంగి ఉంటుంది, సరిగ్గా ఆ వంపు దగ్గరే ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల ఉండే కడ్డీ) నట్టు కోసం చెక్కను తవ్వుతారు. గిటార్ వెనక్కి పడితే విరిగేది అక్కడే. విరిగిన చోటును బాగా అంటిస్తే వాయించడానికి ఇబ్బంది ఉండదు, ధర మాత్రం బాగా తగ్గుతుంది. లైటును ఏటవాలుగా పెట్టి తల వెనక, నట్ (తల దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) కింది భాగం చూస్తే రంగు కింద సన్నటి గీత బయటపడుతుంది. ఆ చోట మాత్రమే పాలిష్ కొత్తగా మెరుస్తున్నా అనుమానించాల్సిందే.

తర్వాత నెక్ కోణం. ఎక్కువ డబ్బు మునిగేది ఇక్కడే. నెక్, ఒళ్లు కలిసే చోట జిగురు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జారితే నెక్ ముందుకు వాలుతుంది, తీగలు ఫింగర్‌బోర్డ్ (వేళ్లు నొక్కే పలక) నుంచి పైకి లేస్తాయి. వాయించేవాడు బ్రిడ్జ్ రెండు వైపులా ఉన్న ఇత్తడి చక్రాలు తిప్పి బ్రిడ్జ్‌ను దించుకుంటాడు. మళ్లీ వాలుతుంది, మళ్లీ దించుతాడు. కొన్నేళ్లకు చక్రాలు బ్రిడ్జ్ పీఠానికి ఆనుకుపోతాయి, ఇక దించడానికి చోటు ఉండదు. ఈలోగా ధ్వని కూడా దెబ్బతింటుంది. బ్రిడ్జ్ ఎత్తు తగ్గితే తీగల చివర్లు తగిలించే టెయిల్‌పీస్ వైపు వాటి వంపు తగ్గుతుంది, పలకను కిందికి నొక్కే బలం తగ్గుతుంది, స్వరంలో పస పోతుంది. యాంప్‌లో ఏ నాబ్ తిప్పినా ఆ పస తిరిగి రాదు. పరిష్కారం ఒక్కటే: ఆవిరి పట్టి నెక్ ఊడదీసి, కోణం సరిచేసి మళ్లీ అంటించడం. ఆర్చ్‌టాప్ పని తెలిసిన మిస్త్రీ కావాలి, ఖర్చూ గట్టిదే. అందుకే పాత 175 ఫొటోలు చూసేటప్పుడు ముందు చూడాల్సింది పక్క నుంచి తీసిన ఫొటో. బ్రిడ్జ్ కింద చక్రాలకు, పీఠానికి మధ్య ఖాళీ కనపడాలి. అమ్మే మనిషి ఆ ఫొటో పంపడానికి నసిగితే ఎందుకో ఊహించుకోవచ్చు.

బ్రిడ్జ్ పాదాల దగ్గర ఇంకో చిన్న పరీక్ష ఉంది. రోజ్‌వుడ్ పాదం అడుగు భాగం పైపలక వంపుకు అతుక్కున్నట్టు ఆనాలి. పలుచటి కాగితం ముక్క పాదం అంచు కింద చుట్టూ దూర్చి చూస్తే ఎక్కడా లోపలికి వెళ్లకూడదు. వెళ్తోందంటే శక్తి అక్కడ కారిపోతోందని అర్థం. పలక మీద గరుకు కాగితం పరచి, దాని మీద పాదాన్ని రుద్దుతూ సరిచేస్తారు, ఓ గంట పని. ఈ గంట పనితో వచ్చే తేడా చాలాసార్లు కొత్త పికప్ కొన్నా రాదు. ఇంకో మాట, తీగలన్నీ ఒకేసారి తీయకూడదు. బ్రిడ్జ్ ఊడి పడుతుంది, అది ఎక్కడ నిలబడి ఉండేదో గుర్తు పోతుంది. 1970ల చివరి నుంచి 175కి లోహపు ట్యూన్-ఓ-మాటిక్ బ్రిడ్జ్ వచ్చింది. పాత గిటార్లకూ చాలామంది అదే బిగించుకున్నారు. శ్రుతి పక్కాగా కుదురుతుంది, స్వరం ఇంకొంచెం పదునెక్కి ఎక్కువసేపు నిలుస్తుంది. అదే దబ్బు కోరుకునేవాళ్లు పాత చెక్క బ్రిడ్జ్‌నే తిరిగి పెట్టించుకుంటారు. అసలు బ్రిడ్జ్ కేసులో భద్రంగా ఉంటే పెద్ద బాధ లేదు.

ప్లైవుడ్ ఒళ్లు కాబట్టి నిలువు చీలికలు అరుదు. లోపల పైపలకకు అంటించిన పట్టీలు ఊడటం మాత్రం మామూలే. వేలి కణుపుతో పలక అంతా మెల్లగా తట్టుకుంటూ పోతే, ఊడిన చోట చప్పుడు మారుతుంది, లేదా ఏదో ఒక్క స్వరం దగ్గర మాత్రమే లోపల జరజరమంటుంది. ఎఫ్ రంధ్రంలోంచి చిన్న అద్దం, టార్చి పెట్టి చూడాలి. పక్కన ఉన్న జాక్ రంధ్రం ఇంకో బలహీన స్థలం. వాయిస్తూ ఎవరో కేబుల్ తొక్కితే అక్కడి ప్లైవుడ్ లోపలికి విరుగుతుంది. తర్వాత దాని మీద ఒక లోహపు ప్లేటు బిగించి ఉంటుంది. ఆ ప్లేటు కనపడితే కింద ఏముందో అడగాల్సిందే.

ట్యూనర్ల ప్లాస్టిక్ చెవులు కుంచించుకుపోయి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలడం 1950ల గిబ్సన్లలో మామూలు. భయపడక్కర్లేదు, కొత్తవి దొరుకుతాయి. పాలిష్ మీద వల అల్లినట్టు కనిపించే సన్నటి పగుళ్లు కూడా చెక్కవి కావు. నైట్రోసెల్యులోజ్ పాలిష్ పాతబడి గట్టిపడ్డాక, చలిలోంచి వేడిలోకి ఒక్కసారిగా తెస్తే అలా పగులుతుంది. పసుపు తిరగడమూ ఆ పాలిష్ గుణమే. కొందరికి అవే ముచ్చట.

వయసు తేల్చడానికి అమ్మేవాళ్ల మాట కన్నా ఒంట్లోని గుర్తులు నయం. ఎఫ్ రంధ్రంలోంచి చూస్తే లేబుల్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది. 1947 నుంచి 1961 దాకా అది ఇంగ్లీషు ‘A’ అక్షరంతో మొదలవుతుంది. 1952 నుంచి 1961 దాకా వెనక పలక లోపల ఫ్యాక్టరీ ఆర్డర్ నంబర్ కూడా ముద్రించేవారు. దాని ముందు అక్షరం ఏడాదిని చెబుతుంది, అదీ వెనక నుంచి ముందుకు: 1952కి జెడ్, 1953కి వై, అలా 1961కి క్యూ. ఈ రెండూ పొంతన కుదరాలి. వాల్యూం, టోన్ నాబ్‌ల కింద ఉండే పాట్‌ల మీద అంకెల్లోనూ కంపెనీ, ఏడాది, వారం ఉంటాయి. 134తో మొదలైతే సెంట్రలాబ్, 137 అయితే సీటీఎస్. 1957 గిటార్‌లో 1966 నాటి పాట్ ఉంటే ఎవరో లోపల చెయ్యి పెట్టారన్నమాట.

చెయ్యి పెట్టడానికి కారణం చాలాసార్లు పికప్‌లే. 1957 నుంచి 1962 దాకా హంబకర్ల వెనక ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ అని చిన్న స్టిక్కర్ ఉండేది, అందుకే వాటికి పాఫ్ అని పేరు. పాత లెస్ పాల్ గిటార్ల మోజు పెరిగాక ఈ పికప్‌ల జంట ధర ఆకాశానికి ఎక్కింది. ఎన్నో 175ల పొట్ట చీల్చి పాఫ్‌లు తీసి లెస్ పాల్‌లలో పెట్టారు. ఇప్పుడు పాఫ్ 175 అని అమ్మకానికి వచ్చిన ప్రతిదానిలోనూ పాఫ్‌లు ఉన్నాయని నమ్మక్కర్లేదు. పికప్ మూత అంచున సోల్డర్ చెక్కుచెదరకుండా ఉందా, పాట్‌ల వెనక సోల్డర్ మసకగా పాతగా ఉందా, మెరుస్తోందా అని చూడాలి. 1962 ప్రాంతంలో స్టిక్కర్ మారి పేటెంట్ నంబర్ వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ నంబర్ పికప్‌ది కాదు, టెయిల్‌పీస్ పేటెంట్‌ది. పోటీవాళ్లను దారి తప్పించడానికి కావాలనే వేశారని చెప్పుకుంటారు. తొలినాళ్ల ఆ పికప్‌లు కట్టుబడిలో దాదాపు పాఫ్‌లే, స్టిక్కర్ మారినందుకే ధర బాగా తక్కువ. వాయించేవాడికి ఇంతకన్నా మంచి బేరం ఉండదు.

ఏ ఏడాదిది మేలు? 1965లో నట్ దగ్గర నెక్ వెడల్పు దాదాపు 43 మిల్లీమీటర్ల నుంచి 40కి పడింది. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, కార్డులు పట్టే వేళ్లకు మాత్రం ఇరుకు వెంటనే తెలుస్తుంది. తల వంపు కూడా 17 నుంచి 14 డిగ్రీలకు తగ్గింది. 1970లలో నెక్, తల కలిసే చోట గట్టిదనం కోసం ఒక బుడిపె, మూడు ముక్కల నెక్ వచ్చాయి. ఆ దశాబ్దపు గిబ్సన్లను తీసిపారేయడం ఒక అలవాటైపోయింది. నిజానికి వాటిలో నాణ్యత గిటార్‌కొక తీరు. చేతిలోకి తీసుకోకుండా కొనకూడదు, అంతే. బరువుగా ఉన్నది కాస్త ముద్దగా పలుకుతుంది, తేలికైనది దొరికితే ధర చూసి ఆశ్చర్యపోవాలి.

ఇటువైపు తెప్పించుకునేవాళ్లకు రెండు సంగతులు ఉన్నాయి. 1960ల మధ్య దాకా 175 ఫింగర్‌బోర్డ్ బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి ఆ కలప వ్యాపారం మీద అంతర్జాతీయ నిషేధం ఉంది. పాత కలపే అని చూపే సైటిస్ (అంతరించే జాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) ధ్రువపత్రం లేకుండా పంపితే కస్టమ్స్‌లో గిటారే ఇరుక్కుంటుంది. ఆ తర్వాతి గిటార్ల మీద ఉన్నది చాలావరకు మన అడవుల రోజ్‌వుడ్, ఇరుగుడు చెట్టు. 2019లో పూర్తయిన వాద్యాలకు సడలింపు వచ్చాక దానితో ఇబ్బంది తగ్గింది. రెండోది గాలి. మిషిగన్ చలికాలపు పొడిగాలిలో ఉన్న గిటార్‌ను విశాఖ తేమలోకి తెస్తే ప్లైవుడ్ ఒళ్లు తట్టుకుంటుంది, నెక్ మాత్రం కదులుతుంది, నికెల్ భాగాలు ఉప్పుగాలికి మచ్చలు పడతాయి. రాగానే ట్రస్ రాడ్ తిప్పకుండా, కేసులో తేమ సర్దే ప్యాకెట్లు పెట్టి రెండు మూడు వారాలు ఆగి, అప్పుడు సెటప్ చేయించడం మంచిది. హైదరాబాద్‌లో రోజంతా ఏసీ నడిచే గదిలో ఉంచేవాళ్లకు సమస్య తిరగబడుతుంది. ఫింగర్‌బోర్డ్ ఎండి కుంచించుకుని, ఫ్రెట్ల కొసలు అంచు దాటి అరచేతికి గుచ్చుకుంటాయి.

చివరికి కొనేది వాయించడానికా, దాచుకోవడానికా అన్నది ధరను తేలుస్తుంది. మళ్లీ పాలిష్ పట్టిన గిటార్‌కు మార్కెట్లో దాదాపు సగం ధర తగ్గిస్తారు, ఫ్రెట్లు మార్చినా, ట్యూనర్లు మార్చినా కొంత కోస్తారు. దాచుకునేవాడి దృష్టిలో ఇవన్నీ గాయాలు. వాయించేవాడి దృష్టిలో కొత్త ఫ్రెట్లు వరం, పాలిష్ తేడా చెవికి వినపడదు. నెక్ కోణం బాగుండి, బ్రిడ్జ్ సరిగా ఆని, పీ-90 ఇంకా పలుకుతున్న, ఎవరో గోధుమ రంగు పూసి పాడుచేసిన 1950ల నాటి 175 ఎక్కడైనా కనపడితే మిగతావన్నీ వదిలేసి దాన్నే తీసుకోవచ్చు.